పై వాటా రెగే

ఇందాక టీవీలో ఏదో హాలీవుడ్ సినిమా వచ్చింది. చీకటి సందు, పొగ, జడలు కట్టిన జుట్టుతో ఒక మనిషి, వెనక జమైకా వాళ్ల రెగే పాట. ఆ పాట మొదలైతే కాసేపట్లో తుపాకీ బయటికొస్తుందని ఇంజనీరింగ్ హాస్టల్లో చూసిన సినిమాలన్నీ నాకు నేర్పాయి. అందుకే 2009లో, అమెరికాలో బాతెల్‌లో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో, ఒక సాయంత్రం మా చంటి బాబుకి నూనె రాస్తుండగా సీలింగ్‌లోంచి అదే దరువు నెమ్మదిగా దిగినప్పుడు, నా చెయ్యి వాడి పొట్ట మీదే ఆగిపోయింది. ప్రమాదం వచ్చి మా నెత్తి మీదే కాపురం పెట్టిందనుకున్నాను.

పై వాటాలోకి అద్దెకు వచ్చింది నలభై ఏళ్ల జమైకా మనిషి. జుట్టు నడుము దాకా ఉండేది. మెట్ల మీద ఎదురైతే మా ఐదేళ్ల అమ్మాయిని పలకరించేవాడు. అది కనిపించిన పెద్దవాళ్లందరినీ అంకుల్ అనే పిల్ల. అతన్ని మాత్రం అలా పిలవనివ్వలేదు, చెయ్యి పట్టి లోపలికి లాగేసేదాన్ని. మా ఆయన నవ్వేవారు. "అతను స్కూల్ బస్ డ్రైవ్ చేస్తాడు తల్లీ. నీ సినిమాకి ఇంకా ఇంటర్వెల్ రాలేదా?" స్కూల్ బస్ అనేసరికి నాకు భయం ఇంకా పెరిగింది. పైనుంచి గంజాయి పొగ వాసన వస్తోందని అపార్ట్‌మెంట్ ఆఫీస్‌కి మెయిల్ రాసిపెట్టుకున్నాను. నిజానికి ఏ వాసనా లేదు. సినిమాల్లో ఉండేది, అంతే. ఆ మెయిల్ వెళ్తే అతన్ని ఖాళీ చేయిస్తారని తెలుసు. సోమవారం పంపుదామనుకున్నాను.

ఆదివారం బాబుకి తలంటి, కొబ్బరి చిప్ప స్టవ్ మీద కాల్చి, ఆ నిప్పుల మీద సాంబ్రాణి వేశాను. మా ఆయన సరుకులకి వెళ్లారు. హాలంతా పొగ కమ్మి స్మోక్ అలారం మోగింది. బాబు గుక్కపట్టాడు, అమ్మాయి భయంతో టేబుల్ కింద దూరింది. ఎవరో తలుపు దబదబా బాదితే తీశాను. అతను, కాళ్లకి చెప్పుల్లేకుండా. అమ్మాయిని ఎత్తుకెళ్లి బయట గడ్డిలో నిలబెట్టి, తిరిగొచ్చి కిటికీలు తీసి, అలారం ఆగేదాకా తువ్వాలుతో విసిరాడు. చంటిపిల్లలకి స్నానం చేయించాక మేమిలా పొగ వేస్తామని నసుగుతూ చెప్పాను. అతను చిప్పకేసి చూసి నవ్వాడు. "నేను ఎక్కడ అద్దెకున్నా, పొగ నా ఇంట్లోంచే వస్తోందని కంప్లైంట్ చేసేవాళ్లు. నిజం పొగ ఇవాళే చూస్తున్నాను" అన్నాడు. అతను మెట్లెక్కగానే ఆ మెయిల్ తీసేశాను.

మర్నాడు పొద్దున బాబుని చంకనేసుకుని, అమ్మాయికి చెప్పులు తొడుగుతూ ఇద్దరికీ చెప్పాను. "పైన ఉండేది అంకుల్. కనిపిస్తే అలాగే పిలవండి. అమ్మ ఆయన గురించి తప్పనుకుంది." అప్పటికి ఆయన వచ్చి ఏడు నెలలైంది. ఒక మనిషిని చూసి భయపడటం నేర్చుకోడానికి ఐదేళ్ల పిల్లకి ఏడు నెలలంటే చాలా కాలం.