సీటు తగ్గించిన బండి

ఆవిడ పేరు నేను అడగలేదు. సెకండ్‌హ్యాండ్ అడ్వెంచర్ బైక్ ఒకటి చూద్దామని ఆ రోజు స్కోఫీల్డ్స్ స్టేషన్‌లో రైలెక్కాను. నేను ఐదడుగులే ఉంటాను. ఆ బండి సీటు దాదాపు నా నడుముదాకా వస్తుంది. కాళ్ళు నేలకు అందవేమోనని ఫోన్‌లో అక్కతో అంటుంటే, ఎదురుగా కూర్చున్న తెలుగు ఆంటీ ఒకరు విన్నారు. ఫోన్ పెట్టేయగానే పలకరించారు.

"రెండు కాళ్ళూ అందక్కర్లేదమ్మా. కాస్త పక్కకి జరిగి ఒక్క కాలు ఆనిస్తే చాలు. మా అమ్మాయి అలాగే ఆపేది."

అంటూనే సీటు అంచుకు జరిగి, ఎడమ పాదం నేలమీద గట్టిగా ఆనించి చూపించారు.

"తనూ నీ ఎత్తే. సీటు ఫోమ్ కోయించి తగ్గించుకుంది. వాళ్ళ నాన్న వద్దన్నా వినకుండా ఆ బండిమీదే యూనివర్సిటీకి వెళ్ళేది."

"ఇప్పుడూ నడుపుతోందా ఆంటీ?"

ఆవిడ పాదం వెనక్కి తీసుకున్నారు.

"లేదమ్మా. లాస్ట్ వింటర్‌లో పోయింది. బండివల్ల కాదు, లుకేమియా."

మళ్ళీ ఆవిడే అన్నారు.

"బండి అమ్మేశాం. కొన్నతను పొడగరి. ఆ సీటు తనకు పనికిరాదని మాకే వదిలేసి వెళ్ళాడు. గరాజ్‌లో ఉంది. కావాలంటే నువ్వు తీసుకో."

వాళ్ళమ్మాయిది ఏ బండో అడిగాను. నేను కొనబోయేది అది కాదు.

"నేను చూడబోయే బండికి ఆ సీటు పట్టదు ఆంటీ."

"అస్సలు పట్టదా?"

పట్టదని తల అడ్డంగా ఊపాను. ఆవిడ ముఖం తేలికపడింది.

"అయితే మా దగ్గరే ఉండనీలే," అని, తరువాతి స్టేషన్‌లో దిగిపోయారు.