మోత బదులు

నేను రోజూ చెప్పే కథలన్నీ రాళ్ళవే. పొద్దున ఆంకస్‌పాతా కొండ మీద ఇన్కా రాజుల కాలం నాటి గోడల దగ్గర మొదలుపెడతాను. ఈ గోడకి సున్నం లేదు, ఈ రాళ్ళ సందులో కత్తి మొన దూరదు, ఈ గుమ్మం దగ్గర రాజుగారి పల్లకీ ఆగేది, ఆయన్ని కాలు నేల మీద పెట్టనిచ్చేవాళ్ళు కాదు. మధ్యాహ్నానికి కిందున్న ఉర్పికంచ ఊళ్ళో దిగి నేత చూపిస్తాం, భోజనం పెట్టిస్తాం, చీకటి పడేలోపు అందరినీ కుస్కో పట్నంలో దించేస్తాం. ఏళ్ళ తరబడి ఇదే నా కూడు. వచ్చినవాళ్ళు రాళ్ళకి ఫొటోలు తీసుకుని పోతారు. వాళ్ళకి వండిపెట్టే నికనోరా పిన్ని కథ మాత్రం నేనెవరికీ చెప్పలేదు. అది చెప్పాలంటే నా కాలు విరగడం దగ్గర మొదలుపెట్టాలి. గైడు పరువుకి అది అంత మంచిది కాదు.

ఫిబ్రవరి వానల్లో ఒకరోజు, "మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని దిగండి" అని వెనక్కి తిరిగి జనానికి చెబుతూ నేనే జారాను. ఎముక విరిగిన చప్పుడు వరసలో చివరనున్న ముసలాయనకి కూడా వినిపించిందట. కింద బంగాళాదుంప చేలో పని చేసుకుంటున్న నలుగురు పైకి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో ఒకడు నికనోరా పిన్ని మొగుడు ఫ్రుక్తువోసో. రెండు నీలగిరి కర్రలు నరికి, మధ్యలో దుప్పటి కట్టి, నన్ను అందులో వేసుకుని రోడ్డు దాకా దించారు. వాళ్ళ వెనకే వచ్చిన పిన్ని తన టోపీ తీసి, నా మొహం మీద వాన పడకుండా పట్టుకుని, తాను తడుస్తూ పక్కనే నడిచింది.

"అరవకురా అబ్బాయ్, నీ జనం చూస్తున్నారు," అంది. "మా తాతలు కొండ మీదికి రాళ్ళెలా మోశారో రోజూ నోటితో చెబుతావుగా. ఇవాళ మేం చూపిస్తున్నాం అనుకో."

కాలు అతుక్కున్నాక పంచదార, రొట్టెలు, ఒక సారా సీసా, జేబులో మడిచిన నోట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సీసా ఫ్రుక్తువోసో తీసుకున్నాడు. పంచదార, రొట్టెలు పిన్ని తీసుకుంది. నోట్లు మాత్రం తిరిగి నా జేబులోనే కుక్కింది. ఆ వారం తిరక్కుండానే మా వ్యాను డ్రైవరు లియాండ్రో చేత ఒక బస్తా బంగాళాదుంపలు మా ఇంటికి పంపింది.

"నీ సామాన్లకి నా దుంపలు సరికి సరి," అంది తర్వాత కనబడినప్పుడు. "మోత మాత్రం అలాగే ఉంది."

మా కొండల్లో దీన్ని ఐనీ అంటారు, బదులు అన్నమాట. తవ్విపెట్టినవాడికి తవ్విపెట్టాలి, ఇంటికప్పు వేసినవాడికి కప్పు వేయాలి, మోసినవాడికి మోయాలి. డబ్బుతో తీరదు. మిగతా ముగ్గురిదీ నిదానంగా తీర్చేశాను. ఒకాయన భార్యకి నొప్పులొస్తే రోడ్డు దాకా మోశాను. ఒకాయన కొత్త ఇంటికి దూలాలు మోశాను. మూడో ఆయన కూతురి పెళ్ళికి బీరువా మోశాను. చలికాలం వస్తే నా నడుం ఇప్పటికీ ఆ బీరువాని తలుచుకుంటుంది. ఫ్రుక్తువోసోది మాత్రం మిగిలిపోయింది. మనిషి గట్టివాడు, జబ్బు పడడు, ఇంటి తలుపైనా సరే తానే వీపున వేసుకుని వస్తాడు.

"ఏదో ఒకటి మోయించుకో పిన్నీ," అని బతిమాలేవాణ్ణి. "మెడ మీద కత్తిలా వేలాడుతోంది."

"వేలాడనీ. మెడ నిటారుగా ఉంటుంది," అనేది.

నికనోరా పుట్టింది ఆ శిథిలాల పైనున్న మేత బీళ్ళలో. ఆమె చిన్నప్పుడు అక్కడ గేటూ లేదు, టికెట్టూ లేదు. ఇప్పుడు మేం గొంతు తగ్గించి చూపించే పెద్ద గదిలో అప్పట్లో వాళ్ళ గొర్రెలు వానకి తలదాచుకునేవి. గుమ్మం పక్కనున్న ఊట దగ్గర ఆమె తల్లి ఏటా ఆగస్టులో నేలతల్లికి నైవేద్యం పెట్టేది. ఆగస్టులో నేల ఆకలితో నోరు తెరుస్తుంది. అప్పుడు పెట్టకపోతే తర్వాత మనం నోరు తెరవాలి. తల్లి పోయాక నికనోరా పెట్టింది. కింది ఊరికి కోడలిగా వచ్చాక కూడా పెట్టింది. పుట్టిన బిడ్డలిద్దరూ దక్కకుండా పోయిన ఏడు కూడా పైకెక్కి పెట్టి వచ్చింది.

"కోపం వచ్చింది," అని ఒకసారి నాతో చెప్పింది. "కోపంతోటే పెట్టాను. ఆకలికి మన కోపంతో పనేముంది."

మోకాళ్ళు పోయాక ఆ పని ఫ్రుక్తువోసో అందుకున్నాడు. ఆమె మూట కట్టి ఇస్తే అతను పైకెళ్ళి, ఆమె చెప్పిన మాటలే చెప్పి, పాతిపెట్టి వచ్చేవాడు. అన్ని మాటలూ గుర్తుపెట్టుకున్నావా అని ఆమె అడగడం, సగం మరిచిపోయానని అతను ఏడిపించడం ఏటా ఉండే తంతే.

అంత గట్టివాడూ ఒక జూన్ చలికి దగ్గుతో మంచం పట్టి, వారంలో పోయాడు. నేను పరుగున వెళ్ళి, శవపేటిక లేవగానే నా భుజం పెట్టాను. ఫ్రుక్తువోసో రుణం ఇలాగైనా తీరుతుందని నా మనసులో ఉన్న మాట నిజం. పిన్ని వచ్చి నా చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"పోయినవాణ్ణి మోసి, బతికున్నదాని బదులు తీర్చేద్దామనుకున్నావా? ఇది ఊరి మోత. నీది నాకు కావాలి. అవతలికి జరుగు."

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఒక మోత కోసం ఇంత పట్టుదలేమిటని లోలోపల విసుక్కున్నాను కూడా.

ఆ తర్వాతి ఏడాదంతా, మధ్యాహ్నం భోజనానికి జనాన్ని తీసుకెళ్ళినప్పుడల్లా, ఆమె ఇంటి పని ఎవరో ఒకరు చేసి వెళుతూ కనిపించేవారు. ఒకరు చేను దున్నారు. ఒకరు దుంపలు తవ్వి ఇంట్లో వేశారు. వానకి ముందు నలుగురొచ్చి కప్పు మార్చారు. అవన్నీ ఫ్రుక్తువోసో బతికుండగా చేసిన పనులకి బదుళ్ళు. ఊరు మంచిదేనని సంతోషించాను. ఆ బదుళ్ళు ఒక్కొక్కటిగా అయిపోతున్నాయని మాత్రం నాకు తట్టలేదు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. ఒక పొద్దున, వ్యాను ముందు తన ఇంటికి తిప్పమని లియాండ్రోకి కబురు పెట్టింది. వెళ్ళేసరికి పెళ్ళినాటి ఎర్ర లంగా కట్టుకుని, పళ్ళెంలాంటి టోపీ పెట్టుకుని, ఒళ్ళో చిన్న మూటతో గుమ్మంలో కూర్చుని ఉంది. నా అరచేతిలో, మా కొండల్లో అందరం నమిలే కోకా ఆకులు మూడు, కొసలు కలిపి, పెట్టింది. బదులు అడిగేవాళ్ళు అలాగే అడుగుతారు. ఆకులు తీసుకున్నవాడు ఇక మాట తప్పడానికి లేదు.

"ఊట దగ్గరికి తీసుకెళ్ళు," అంది. "పోయినేడు ఆయన పోయిన దుఃఖంలో ఉండిపోయాను. ఎవరూ పెట్టలేదు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "ఇన్నాళ్ళకి అడిగావు పిన్నీ," అంటూ ఆకులు నోట్లో వేసుకున్నాను. ఆమె మొహంలో మాత్రం నవ్వు లేదు.

రెండు కర్రలు, దుప్పటి తెచ్చాం. చూడగానే తల అడ్డంగా ఊపింది.

"పడుకోబెడితే శవం అనుకుంటారు. కూర్చోబెట్టండి."

వంటింట్లో కుర్చీ తెచ్చి కర్రలకి తాళ్ళతో కట్టాం. ముందు నేనూ లియాండ్రో, వెనక శిథిలాల గేటు కాపలా మనిషీ, ఆ రోజు జనంలో వచ్చిన బాస్టియాన్ అనే హాలండు ఆయనా పట్టుకున్నాం. అడక్కుండానే వచ్చి కర్ర పట్టిన మంచివాడు గానీ, తాటిచెట్టంత మనిషి కావడంతో అతని మూల ఎప్పుడూ పైకే ఉండేది. పిన్ని ఒక పక్కకి ఒరిగిపోయి, ఆ దారిలో ఉన్న ప్రతి రాయినీ పేరుపెట్టి పలకరిస్తూ వచ్చింది. గుమ్మం దగ్గరికి రాగానే అలవాటుకొద్దీ వెనక వస్తున్నవాళ్ళకి పల్లకీ ముక్క చెప్పేశాను.

"ఏం చెప్పావు వాళ్ళకి?" అని అడిగింది పైనుంచి.

"రాజుగారి పల్లకీ ఇక్కడ ఆగేదని."

"మరి ఆపవేం?"

ఆపాం. ఊట పక్కన దించాం. కూర్చునే మూట విప్పింది: ఆకులు, మిఠాయి బిళ్ళలు, లామా జంతువు కొవ్వు, పూరేకులు, మొక్కజొన్న గింజలు. చేత్తోనే గుంట తీసి, ఒక్కొక్కటీ అందులో పెట్టి, పైన కాస్త మొక్కజొన్న కల్లు పోసింది.

"ఆలస్యమైంది తల్లీ," అంది నేలతో, ఇంట్లో మనిషితో అన్నట్టే. "నిరుడు ఆయన పోయాడు. నీకు తెలుసు, నీ దగ్గరే ఉన్నాడు. నిన్ను పస్తు పెట్టాను. ఏమనుకోకు."

మట్టి కప్పేసింది. నేను జనాన్ని శిథిలాలన్నీ తిప్పి తీసుకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. కుర్చీ తాళ్ళు సరిచూసి, "లే పిన్నీ, వెళదాం," అన్నాను.

"మీరెళ్ళండి. నేను కాసేపుంటాను."

"చలి మొదలవుతుంది."

"మొదలవనీ."

"రాజుగారికి పల్లకీ నచ్చలేదేమో," అన్నాడు లియాండ్రో.

ఆమె నవ్వలేదు. ఊటలోకి చూస్తూ, "కిందికి దించితే తీరిపోతుంది గదరా," అంది.

"తీరితే మంచిదేగా పిన్నీ."

"నీకు మంచిది. ఆయన సంపాదించి పెట్టిన బదుళ్ళన్నీ ఈ ఏడాదిలో వాడేశాను. మళ్ళీ చేసి సంపాదించుకోడానికి నాకు మోకాళ్ళు లేవు. నీదొక్కటే మిగిలింది. దాచుకున్నాను. నేల పస్తు ఉంది కాబట్టి తీశాను, లేకపోతే తీసేదాన్ని కాదు. ఇక నా గుమ్మంలో దించావంటే అయిపోయింది. ఊళ్ళో నాకింత పెట్టేవాళ్ళు ఉంటారు. రావాల్సినవాళ్ళు ఉండరు."

మా కొండల్లో గొర్రెలు లేనివాణ్ణి పేదవాడు అనరు. పిలిస్తే రావాల్సిన మనిషి లేనివాణ్ణి అంటారు. ఇది నేను పర్యాటకులకి వారానికొకసారైనా చెప్పే మాట. చెప్పి చెప్పి నా చెవికే ఎక్కకుండా పోయింది. నేను మెడ మీద కత్తి అన్నది ఆమెకి చేతికర్ర. దాన్ని లాక్కోడానికి ఏళ్ళ తరబడి ఆమె వెంట పడ్డాను.

ఇప్పుడేం చేయాలి. ఆకులు తీసుకున్నాను, దించక తప్పదు. దించితే ఆమెకి ఎవరూ మిగలరు. నిలబడి నిలబడి, చివరికి నడుముకున్న సంచిలో చెయ్యి పెట్టి, చిరుగు లేని ఆకులు మూడు ఏరాను. కొసలు కలిపి, రెండు చేతులతో ఆమె ముందు పట్టాను.

"మా అమ్మాయికి ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు," అన్నాను. "రెండో అమ్మలా నిలిచే జ్ఞానతల్లి కావాలి. నేను నిన్ను మోశాను. నువ్వు దాన్ని మోయాలి. మళ్ళీ బాకీ నాది."

ఆమె నా చేతులకేసి చూసింది. "నా మోకాళ్ళు చూశావా?"

"నిలబడి మోయమన్నానా. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి పాయ కత్తిరించు చాలు."

"జాలిపడి అడుగుతున్నావా?"

"జాలయితే పంచదార తెచ్చేవాణ్ణి. అది నువ్వు దుంపలతో కొట్టేసేదానివి."

"నీ పెళ్ళాన్ని అడిగావా?"

"లేదు."

"అయితే చచ్చావు," అన్నాడు లియాండ్రో.

అప్పుడు నవ్వింది పిన్ని. ముందరి పళ్ళు లేని నవ్వు. ఆకులు తీసుకుని బుగ్గన పెట్టుకుంది. "ఇంకా చూస్తారేం, లేపండి. చలేస్తోంది," అంది.

కిందికి మోసుకొచ్చి, ఆమె పాదాలు ఆమె గుమ్మంలోనే ఆనించాను. "ఫ్రుక్తువోసో మోత తీరింది," అని ఆమే పైకి చెప్పింది, అందరూ వినేట్టు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. వినగానే నాకు ఏడుపొచ్చింది. ఆమె అప్పటికే బాస్టియాన్ వైపు తిరిగింది.

"ఈ పొడుగాయనకి నేను బాకీ అని చెప్పు."

చెప్పాను. అక్కర్లేదు, సంతోషంగా చేశానన్నాడతను.

"అక్కర్లేదంటాడా," అని పిన్ని అతనికేసి దిగులుగా చూసింది. "వాళ్ళ ఊళ్ళో ఎవరూ లేరేమో పాపం. ఎప్పుడైనా కాలు విరగ్గొట్టుకోవాలనుకుంటే ఇక్కడికొచ్చి విరగ్గొట్టుకోమను. మోయిస్తాను."

అది కూడా చెప్పాను. అతను నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. వ్యాను ఎక్కాక, మా వైపు వానలు ఏ నెలలో పడతాయని అడిగాడు.

నా భార్య మరూహా మొదట మొహం ముడుచుకుంది. పట్నంలో కొట్టున్న వాళ్ళ అత్త జ్ఞానతల్లి అయితే సైకిలు వచ్చేదట. ఊట దగ్గర జరిగింది చెప్పాను. వింటూ వింటూ పాప జుట్టు చిక్కు తీయడం మొదలుపెట్టింది. పుట్టువెంట్రుకల వేడుక పిన్ని ముంగిట్లోనే చేశాం. ఎవరెత్తుకున్నా ఏడ్చే నా కూతురు ఆ ఎర్ర లంగా ఒడిలో, టోపీ అంచు పట్టుకుని కూర్చుంది. పిన్ని మొదటి పాయ కత్తిరించి, చెవికి ఎర్ర ఊలు కట్టిన గొర్రెపిల్లని దానికిచ్చింది. మా దగ్గర పుట్టువెంట్రుకలు తీసిన తల్లి రుణం ఒక జన్మలో తీరేది కాదు. ఆమె పొలం, ఆమె కప్పు, ఆమె ఆగస్టు మూట, అన్నీ ఇక మా ఇంటి పనులే.

ఆ తడిమెట్టు దాటేటప్పుడు రోజూ వంగి చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాను. జనం అదేదో ఇన్కాల ఆచారం అనుకుని వాళ్ళూ తాకుతారు. నేను వద్దనను. ఆ మెట్టు మీద జారకపోతే నేను ఈ కొండల గురించి చెప్పేవాడిగానే ఉండిపోయేవాణ్ణి, ఈ కొండల్లో ఒకరికి కావాల్సినవాణ్ణి అయ్యేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం ఆమె ముంగిట్లో అడుగు పెట్టగానే, చేతిలో గరిటెతో, కొత్తవాళ్ళందరూ ఉలిక్కిపడేలా కేకేస్తుంది.

"ఏరా కుంటోడా, నా బాకీ ఎప్పుడు తీరుస్తావు?"

"తొందరేముంది పిన్నీ," అంటాను. "ఉంచుకో."