అమ్మ ఫోనులో ఊదగడ్డి

టమోటా మండీ నుంచి కాల్ వస్తే అమ్మ ఫోను నిండా ప్రకటన కమ్మేస్తోంది. నిన్న కాల్ ఎత్తలేక, కోసిన కాయలు ఇంట్లోనే మెత్తబడ్డాయి.

"ఏదో యాప్ ఫోను శుభ్రం చేస్తాదంటే ఏసుకుంటి పాపా," అంది. తీసేద్దామంటే ఆ యాప్ పోవడం లేదు. దాని గుర్తు అచ్చం సెట్టింగుల గుర్తులాగే ఉంది.

వరిమడిలో కలుపు తీసినవాళ్లకు గుర్తుందా, ఊదగడ్డి కూడా అచ్చం వరిలాగే ఉండేది? కాళ్లకు చల్లటి బురద, వెనక మా అవ్వ గొంతు: "ఆకు మొదలు తడిమి చూడు మే. వరికి నూగుంటాది, ఇది నున్నగుంటాది. కొస పట్టి పీకితే మళ్లా వస్తాది, వేరు కాడ పట్టు."

సెట్టింగులన్నీ వెతికాను. శుభ్రం చేసే యాప్‌కి ఫోనంతా నడిపే అనుమతి ఎందుకు? ముందు ఆ అనుమతి తీసేశాను. తర్వాత యాప్ ఊడి వచ్చింది.

సాయంత్రం మండీ కాల్‌ని అమ్మ మొదటి రింగుకే ఎత్తింది: "చెప్పప్పా, ఎన్ని బాక్సులు ఎయ్యాల?"