సున్నం కింది పేరు

టీచరమ్మ పోయారు. మా ఇంటి కింది వాటాలో ఇన్నేళ్ళు కిరాయికి ఉన్న మనిషి, మొన్న చలికాలం చివర్లో దగ్గు ఎక్కువై ఆస్పత్రికి బయలుదేరుతూ "గేటు గొళ్ళెం సరిగ్గ వెయ్యి, కుక్కలొస్తయ్" అని నాకు చెప్పి ఆటో ఎక్కారు. మళ్ళీ రాలేదు. న్యుమోనియా అన్నారు. ఒకరోజు పొద్దున్నే ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క ప్రభువు దగ్గరికి పోయిందమ్మా" అని చెప్పాడు. నేను కిందికి దిగి గేటు గొళ్ళెం వేసి ఉందో లేదో చూసి వచ్చాను. ఎందుకు చూశానో నాకే తెలియదు.

చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్ళే అలవాటున్న వాళ్ళు ఆమెను చూసే ఉంటారు. తెల్లని నేత చీర, ఎండ ఉన్నా లేకున్నా గొడుగు, వంకాయ ముచ్చిక పట్టుకుని కూరగాయలామెతో వాదన. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. షాపు బోర్డు మీద తప్పు కనపడితే లోపలికి వెళ్ళి చెప్పాల్సిందే. దిద్దేదాకా ఆ షాపులో ఏమీ కొనరు.

"ఇట్లయితే మీరు పస్తులుండాలె టీచరమ్మా" అని ఏడిపించేదాన్ని.

"రాంనగర్ల కొనుక్కుంట. ఆడ బోర్డులే లెవ్వు" అనేవారు.

నా సంగతి కూడా చెప్పాలి. అశోక్‌నగర్‌లో మా ఇంటి పై రెండు అంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. పల్లెల నుంచి సర్కారు కొలువుల కోసం వచ్చి రాత్రింబవళ్ళు చదువుకునే పిల్లలు. నేను కొంచెం కోపిష్టిదాన్ని, కొంచెం భయస్థురాలిని. శ్మశానం ఉన్న వీధిలోంచి ఆటో పోతున్నా తల తిప్పుకునే రకం. అలాంటిదాన్ని ఆమె ఎలా సమాధుల తోటకు తిప్పారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

టీచరమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది గానీ రెండో కన్ను మసక మసకగానే ఉండిపోయింది. ఒకరోజు మెట్లెక్కి వచ్చి కూర్చుని, ముందూ వెనకా ఏమీ లేకుండా అడిగారు. "నాకు జర కండ్లు గావాలె. రెండో శనివారం నీవి ఇస్తవా?"

"ఏడికి?"

"మా ఊరి సమాధుల తోటకు. రాళ్ళ మీద ఉన్నది చదవాలె. నువ్వు చదువు, నేను రాసుకుంట."

"మా ఇండ్లల్ల ఆడోళ్ళు అసుంటి జాగలకు పోరు టీచరమ్మా."

"ఆడ పండుకున్నోళ్ళల్ల సగం మంది ఆడోళ్ళే" అన్నారు. రెండో శనివారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.

బస్సు మెదక్ వైపు పోతుంటే, కిటికీలోంచి చూస్తూ అసలు విషయం చెప్పారు. వాళ్ళ నాన్న ఆ ఊళ్ళో ఉపదేశి. అంటే చిన్న ప్రార్థన మందిరం చూసుకుంటూ, పిల్లలకు అక్షరాలు చెబుతూ, పాదిరిగారు రాని వారాల్లో తానే వాక్యం చెప్పే మనిషి. టీచరమ్మకు ఇంకా నడక రాకముందే తల్లి జ్వరంతో పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరికి మారాడు. కొంచెం పెద్దయ్యాక ఈమెను పట్నంలో బోర్డింగులో వేశాడు. తల్లి ఫొటో ఒక్కటి లేదు. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. తల్లి పేరేమిటో ఆమెకు తెలియదు.

నేను నమ్మలేదు. కన్నతల్లి పేరు తెలియకపోవడం ఏమిటి?

"ఊరంతా ఉపదేశమ్మ అనేటోళ్ళట. మా నాయన పాతకాలపు మనిషి, పెండ్లాం పేరు నోట్లెకెల్లి తీయడు. నేను అడిగినప్పుడల్లా 'మీ అమ్మ' అని, అటు దిక్కు చూసేటోడు. మా చిన్నమ్మ ముంగట గట్టిగ అడగబుద్ధి కాకపోయేది. అడుగుదాం, అడుగుదాం అనుకునేసరికి ఆయన గూడ పాయె."

తల్లి తరఫు వాళ్ళు ఎవరూ మిగలలేదు. ప్రార్థన మందిరం పాత రిజిస్టర్లు కప్పు కూలిన ఏడు వానకు నాని, చెదలు తిని పోయాయి. బడి కాగితాల్లో తండ్రి పేరు తప్ప తల్లి పేరుకు జాగానే లేదు. మిగిలింది ఆ సమాధుల తోట. వేపచెట్టు దిక్కు వరసలో ఎక్కడో పెట్టారని మాత్రం ఊరివాళ్ళు చెప్పగలిగారు.

"అందరిని చదివితె, మిగిలింది మా అమ్మ" అన్నారు టీచరమ్మ. అదీ ఆమె లెక్క. అందుకే ఒక్క రాయినీ వదలకుండా నోటుబుక్కులో ఎక్కించుకోవాలని పట్టుబట్టారు. చదివిన వాటిని పక్కన పెట్టడానికి మాత్రమే కాదు. "చదివినంక వదిలేస్తె వాళ్ళు చిన్నబుచ్చుకోరా? వాళ్ళ పిల్లలు గూడ ఎన్నడో ఒకనాడు ఎతుక్కుంట రారా?" అనేవారు.

పత్తిచేల మధ్య చిన్న తోట అది. తుమ్మ కంప, పిచ్చి తులసి, ఒక మూలన వేపచెట్టు. రాళ్ళు ఎక్కువగా షాబాదు బండలు. అక్కడికి వెళ్ళాక తెలిసిన సంగతి ఏమంటే, ఈస్టర్‌కు ముందు ఊరివాళ్ళు తమ తమ వాళ్ళ సమాధులకు సున్నం వేస్తారు. పండగ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. పొర మీద పొర, ఏడాది మీద ఏడాది సున్నం పడి అక్షరాల గాట్లన్నీ పూడిపోయాయి. ఎవరూ పట్టించుకోని సమాధి మీద పేరు చక్కగా చదవచ్చు. బిడ్డలూ మనవలూ మరవకుండా వచ్చి సున్నం వేసిన రాయి మీద ఒక్క అక్షరం కనపడదు. ఇదెక్కడి అన్యాయమని నాకు కోపం వచ్చింది. చాకు తీసుకుని గీకబోయాను.

టీచరమ్మ చెయ్యి పట్టుకున్నారు. "ఒద్దు. అది వాళ్ళు ఏసుకున్నది. మనం ముట్టొద్దు."

ఆమె పద్ధతి వేరే. కోఠిలో కొన్న, మంగలి షాపుల్లో జుట్టు మీద నీళ్ళు కొట్టే సీసా ఒకటి సంచిలో ఉండేది. రాతి మీద సన్నగా తడి కొట్టి, గొడుగు నీడ పట్టి కూర్చునేవారు. పైపైన ఆరిపోతుంది. పూడిన గాట్లలో తడి ఇంకా కాసేపు నిలుస్తుంది. ఆ కాసేపట్లో అక్షరాలు నల్లగా పైకి తేలతాయి. తేలినప్పుడు గబగబా చదవాలి. మళ్ళీ తెల్లగా మూసుకుపోతుంది. మొదటిసారి ఒక ముసలాయన పేరు అలా తేలితే నాకు ఒళ్ళు జలదరించింది. ఆమె మాత్రం "నమస్తే తాతా" అని రాసుకున్నారు. క్లాసులో హాజరు పిలిచినట్టే ఉండేది ఆమె తీరు. చదివిన ప్రతి పేరునూ ఒకసారి పైకి అనేవారు.

తిరిగి వచ్చాక నేను తలస్నానం చేయకుండా లోపల అడుగు పెట్టేదాన్ని కాదు. ఆ పట్టింపుకు ఆమె నవ్వేవారు గానీ, బస్సు బోయిన్‌పల్లి దాటగానే హాస్టల్ పిల్లలకు ఫోన్ చేసేవారు. "మీ ఆంటీ వస్తున్నది, గీజర్ ఎయ్యుండ్రి." ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నమ్మని ఆచారానికి అంత మర్యాద ఇచ్చిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అలా ప్రతి నెలా రెండో శనివారం తిరగ్గా తిరగ్గా వేపచెట్టు వరసలో ఒక్క రాయి మిగిలింది. తోటలో అన్నిటికంటే మందంగా సున్నం ఉన్నది అదే. ఆ రోజు టీచరమ్మ సీసా నా చేతికిచ్చారు. "ఇది నువ్వు కొట్టు" అన్నారు. ఒక తడికి ఏమీ తేలలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆగాం. అప్పుడు నెమ్మదిగా పైవరస వచ్చింది, తర్వాత కిందిది. నేను చదివాను.

"ఉపదేశి గారి భార్య. ప్రభువునందు నిద్రించుచున్నది."

"ఇంక?" అన్నారు.

ఇంకేమీ లేదు. కింద తడి కొట్టాను, పక్కన కొట్టాను, సీసా ఖాళీ అయ్యేదాకా కొట్టాను. ఖాళీ బండ. టీచరమ్మ గొడుగు మూసి, రాయి పక్కన మట్టిలో కూర్చున్నారు. రాయి మీద అరచెయ్యి ఆనించి, "మా నాయన రాయి మీద గూడ పిలువలే" అన్నారు. అంతే. ఏడ్చింది నేను.

ఆ సమయానికే పక్క చేనులోంచి ఒక అవ్వ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. మీరెవరని అడిగింది. టీచరమ్మ చెప్పగానే ఆమె మొహం రెండు చేతులతో పట్టుకుని చూసింది. ఆ రాయికి ఇన్నేళ్ళుగా సున్నం వేస్తున్నది ఆ అవ్వే. చుట్టం కాదు, ఏమీ కాదు.

"నా తలల పేన్లు చూసేది బిడ్డా ఉపదేశమ్మ. మా అమ్మ కూలికి పోతె, నన్ను కూసోబెట్టుకొని జడేసేది. ఆమెకెవ్వరు లేకపాయె, నేనేస్త అని ఏస్తున్న."

"పేరేంది అవ్వా, మా అమ్మ పేరు?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఉపదేశమ్మ అనే అంటిమి. మీ అమ్మ పేరు ఎవ్వరడగలె బిడ్డా" అన్నది.

వస్తున్నప్పుడు బస్సులో టీచరమ్మ ఒక మాట అన్నారు. "నన్ను గూడ అందరు టీచరమ్మ అనే అంటరు. మా అమ్మ లెక్కనే పోతనేమో. నా రాయి మీద పేరు చెక్కించే పని నీది." నేను సరేనన్నాను. అలాంటి మాటలు అనొద్దని కూడా అన్నాను. ఆ రోజు కూడా గీజర్‌కు ఫోన్ చేశారు.

పని అయిపోయిందనుకున్నాను. ఆమె మానలేదు. ఆ తోటలో 'ఫలానా వారి భార్య' అని మాత్రమే ఉన్న రాళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ ఆడవాళ్ళ పేర్ల కోసం ఊళ్ళో గడప గడపకూ తిరిగారు. అరుగుల మీద కూర్చుని, ముసలివాళ్ళు పెట్టిన చాయ్ తాగి, ఓపికగా అడిగారు. ఒక్కొక్క పేరు దొరికినప్పుడు పరీక్ష పాసైన పిల్లలా నాకు వచ్చి చెప్పేవారు. అందరి అమ్మల పేర్లు దొరుకుతున్నాయి, ఆమె అమ్మది దొరకలేదు. నేనైతే ఆ ఊరి మొహం మళ్ళీ చూసేదాన్ని కాదు. అదే అన్నాను ఒకసారి. "మా అమ్మ వరసలోళ్ళే గదనే. పక్కింటోళ్ళ అసుంటోళ్ళు" అన్నారు.

ఆమెను తల్లి పక్కనే పెట్టాలని తమ్ముడు అడిగితే ఊరివాళ్ళు ఒక్కమాట మీద ఒప్పుకున్నారు. మారుతల్లి కొడుకైనా, అక్కను భుజం మీద మోసింది ఆయనే. మట్టి వేసి తిరిగి వచ్చాక మా గుమ్మం ముందు నిలబడ్డాను. గీజర్ వేయమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. స్నానం చేయకుండానే లోపలికి వెళ్ళాను. ఆ పట్టింపు నేర్పిన మా అత్తగారి ఫొటో నన్నే చూస్తున్నట్టు అనిపించింది, చూడనీ అనుకున్నాను.

రాయి పని నేను చూశాను. చెక్కే అతనితో లోతుగా చెక్కమని ఒకటికి పదిసార్లు చెప్పాను. పైన ఆమె పేరు, ఇంటిపేరుతో సహా. కింద ఆమె చెప్పి పెట్టిన మాట: 'ఉపదేశమ్మ కూతురు'. ఇక్కడ నేనా పేరు రాయడం లేదు. అది ఉండాలని ఆమె కోరుకున్న చోట ఉంది.

ఈస్టర్‌కు ముందు రోజు వెళ్ళాను. అవ్వ అప్పటికే వచ్చి ఉంది, బకెట్లో సున్నం, చేతిలో కుంచె. తల్లి రాయికి వేసి కూతురి రాయి వైపు తిరిగింది. "అవ్వా, ఆగు" అనబోయాను. వాళ్ళు వేసుకునేది మనం ముట్టొద్దన్న మాట గుర్తొచ్చి పక్కకు జరిగాను. అవ్వ కుంచె ముంచి, పై నుంచి కిందికి ఒక్క ఊపున వేసింది. పేరు మాయమైంది. కొత్త రాయి, లోతైన గాట్లు, అన్నీ తెల్లగా నిండిపోయాయి.

అవ్వ కుంచె పక్కన పెట్టింది. వేపచెట్టు కింద పడిన సన్న పుల్ల ఒకటి తీసి, కొన పళ్ళతో కొరికి, రాయి ముందు చతికిలపడింది.

"మొన్న టీచరమ్మ చెప్పిపోయింది" అన్నది నా వైపు చూడకుండా. "సున్నం తడిగున్నప్పుడే తీయాల్నంట. ఏం రాసుందో చదువు బిడ్డా, ఇనుకుంట తీస్త."

నేను పేరు పైకి చదివాను. అక్షరం ముక్క రాని అవ్వ, వేళ్ళతో తడిమి చూసుకుంటూ, వేపపుల్లతో మొదటి అక్షరం గాటులోంచి సున్నం తీసి చీర కొంగుకు తుడుచుకుని, రెండో అక్షరంలో పుల్ల పెట్టింది.