ఏడో గ్రీన్ మీద కర్పూరం

గ్రీన్ మీద అడుగు పెట్టే ముందు యేసురాజు చెప్పులు విడిచేవాడు. బొల్లారం వైపున్న మా గోల్ఫ్ మైదానంలో, బంతిని గుంతలోకి నెట్టే చోట నున్నగా పెంచిన గడ్డినే గ్రీన్ అంటారు. మెట్టుగూడ నుంచి సైకిల్ మీద వచ్చే ఈ మనిషి ఇరవై ఏడేళ్లుగా ఏడో గ్రీన్‌ని ఒట్టి పాదాలతో చూసుకున్నాడు. నేలలో తేమ ఎంతుందో అరికాలికే తెలుస్తుందనేవాడు.

నేను రాణిగంజ్‌లో పైపులమ్ముకునే నరసరాజుని. మాది భీమవరం. యాభై దాటాక గోల్ఫ్ పిచ్చి పట్టింది. కొత్తలో నేను నడిచిన చోటల్లా గడ్డి లేచిపోయేది. యేసురాజు వెనకాలే వచ్చి ఓపిగ్గా చెప్పేవాడు.

"జెర ఆగుండ్రి సార్. బంతి పడ్డ కాడ సొట్ట పడ్డది, చూసిండ్రా? గిట్ల ఫోర్కుతోని పక్కలకెల్లి నడిమికి నెట్టాలె. కిందికెల్లి లేపితే వేరు తెగుతది."

ఇసుక గుంతలో పడ్డ అడుగుల జాడలు చెరిపి రావాలనీ, దెబ్బకు లేచిన గడ్డిపెళ్లని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టి తొక్కాలనీ ఆయనే నేర్పాడు.

"మనెన్క వచ్చెటోనికి మనం వచ్చిపోయినట్టే తెల్వద్దు సార్," అనేవాడు.

ఇంత నేర్చుకుని నేను చేసిన ఘనకార్యం చూడండి. దసరాకి దుకాణంలో తక్కెడకీ తాళాలకీ పూజ చేసే ఇల్లు మాది. గ్రీన్ మీద బంతిని నెట్టేందుకు కొత్తగా కొన్న పుట్టర్ కర్ర‌కి మాత్రం పూజ ఎందుకు చెయ్యకూడదనిపించింది. మా ఆవిడ నాగజ్యోతి పసుపు, కుంకుమ, అక్షింతలు, కర్పూరం పొట్లం కట్టి ఇస్తూ, "ఇంట్లోనే చేసుకోండి" అంది. వింటేనా! పండగ పొద్దున్నే ఎవరూ రాకముందే ఏడో గ్రీన్ మీద తమలపాకు పరిచి, కర్పూరం వెలిగించి, పుట్టర్ మీద అక్షింతలు చల్లాను. ఆకు మాడింది. దాని కింద గడ్డి కూడా మాడింది. సాసరంత నల్లటి మచ్చ. మసిని బూటుతో తుడిచి, దొంగలా జారుకున్నాను.

మూడో రోజు మేమంతా టీ తాగుతుంటే క్లబ్ సెక్రటరీ యేసురాజుని పిలిపించాడు. నెలలో టోర్నమెంటు. మచ్చ ఎండి పసుపుబారింది. దసరా ముందురోజు యూరియా చల్లింది యేసురాజే.

"ఒక్కచోటే గుప్పెడు పోసినట్టున్నావు. చెయ్యి పట్టు తప్పిందా? రేపట్నుంచి పార్కింగ్ చూసుకో. ఇంక గ్రీన్ ముట్టుకోకు."

యేసురాజు ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను టీ కప్పులోకి చూశాను. నిజం చెబితే అందరూ 'కర్పూరం రాజుగారు' అని పేరు పెట్టి నవ్వుతారని భయం. అంతే! ఆ పాటి నవ్వుకి భయపడి ఒక మనిషి ఇరవై ఏడేళ్ల పనితనాన్ని మట్టిలో కలిపాను.

తర్వాత రోజూ ఆయనే నా కారు పెట్టించేవాడు. "రైటుకు, జెర రైటుకు సార్, చాలు." కాళ్లకు పార్కింగ్ వాళ్లిచ్చిన నల్ల బూట్లు. ఆ బూట్లు చూడలేక నేను అద్దం ఎక్కించుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేవాణ్ని. అవతల ఎవరూ ఉండేవారు కాదు.

ఇరవై రోజులకి ధైర్యం చేసి సెక్రటరీకి చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"అదా రాజుగారూ! ముందే చెప్పొద్దూ!"

పదిమందిలో యేసురాజుని కడిగేసిన నోరే నాకోసం నవ్వింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఆ రోజే యేసురాజుని మళ్లీ గ్రీన్ మీదికి పంపారు. నేను వెళ్లేసరికి బూట్లు పక్కన విప్పి పెట్టి, మాడిన చోటు తవ్వి కొత్త గడ్డి అతుకుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"తప్పు నాదే యేసురాజూ."

"తెల్సు సార్. ఆ పొద్దు మీ బండొక్కటే ఉండె. గడ్డిల అక్షింతలు సుత దొరికినయి. ఎవలన్న చూస్తరని ఏరి పిట్టలకేసిన."

"మరి ఆయన తిడుతుంటే చెప్పలేదేం?"

"మీరు ఆడ్నే ఉంటిరి గద. మీరే చెప్తరనుకున్న." గడ్డి అంచుల్ని వేళ్లతో నడిమికి నెడుతూ, తలెత్తకుండానే అన్నాడు. "బండి పెట్టిచ్చెటప్పుడు సుత రోజూ చూసిన సార్, ఇయ్యాల అద్దం దించుతరేమో అని."