తాడు పట్టినందుకు మూడు చేపలు

కతార్‌లో పెళ్ళాం పక్కన లేని ప్రతి మగవాడూ బ్యాచిలరే. పదహారేళ్ళ కూతురున్న నన్ను కూడా మా కంపెనీ ఫారం అదే అడిగింది: ఫ్యామిలీనా, బ్యాచిలరా? ఫ్యామిలీ అయితే అల్ ఖోర్‌లో ఇప్పుడున్న ఫ్లాటే ఉంచుతారు. బ్యాచిలర్ అయితే దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక విల్లాలో, ఇంకో ఇద్దరితో కలిసి గది. కింద ఒక చిన్న గడి, ఉండేవాళ్ళు ఎంతమందో వెయ్యమని. ఆదివారంలోపు ఇవ్వాలి. పది రోజులుగా ఆ కాగితం నా బ్యాగులోనే తిరుగుతోంది.

నా భార్యకు కాకినాడ దగ్గర టీచరు ఉద్యోగం వచ్చింది. దానికోసం ఆమె ఇక్కడున్నన్నాళ్ళూ పుస్తకం వదల్లేదు. వేసవిలో కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు, "సెలవులకి వస్తాంలెండి," అంది. సెలవుల సంగతి నేను చెవిన పెట్టలేదు, వస్తాం అన్నదొక్కటే పట్టుకున్నాను. ఆఫీసులో అడిగిన వాళ్ళందరికీ త్వరలో వచ్చేస్తున్నారని చెప్పాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

ఆ శుక్రవారం ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. కారు తీసుకుని ఉత్తరాన ఉన్న అల్ రువైస్‌కి వెళ్ళాను. రెండేళ్ళ క్రితం ముగ్గురం అక్కడికే వెళ్ళాం. ఆ తీరంలో సముద్రపు ఆవు అనే పెద్ద జంతువు ఉంటుందని, నీటి అడుగున గడ్డి మేస్తుందని మా అమ్మాయి ఎక్కడో చదివింది. చూసి తీరాల్సిందేనని పట్టుబట్టింది. మధ్యాహ్నం దాకా గట్టు మీద నిలబడ్డాం. ఆవు రాలేదు. తెచ్చుకున్న పులిహోర తిని తిరిగొచ్చేశాం.

ఊరు ఏమీ మారలేదు. చిన్న రేవు, దాని పక్కన చెక్క పడవలు, వాటి మీద గుట్టగా పేర్చిన, చేపలు పట్టే తీగెల బుట్టలు. ఇక్కడి పాతతరం వాళ్ళు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారట. ఇప్పుడు పడవల మీద కనిపించేది మనవాళ్ళూ, బంగ్లాదేశ్ వాళ్ళూ. రేవు దాటాక ఇసుకలో నలుగురు మనుషులు ఒక చిన్న పడవను తాడు కట్టి పైకి లాగుతున్నారు. పడవ కదలడం లేదు. నేను వెళ్ళి తాడు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానంటే చెప్పలేను. ఆఫీసు బూట్లు ఇసుకలో దిగబడిపోయాయి, అరచేతులు మండాయి. పడవ పైకొచ్చింది.

ఆ తర్వాత నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వెళ్ళిపోకుండా, పక్కకి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా గోదావరి తీరంలో వల లాగేటప్పుడు దారిన పోయేవాడు చెయ్యి వేసినా అతనికి కూరకి చేపలు పెట్టాలి. అడగక్కర్లేదు, అలా పక్కన నిలబడితే చాలు. ఇంట్లో ఎంతమంది అని ఒక్క ముక్క అడిగి, లెక్కకి సరిపడా ఇసుకలో వేస్తారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో సగం రోజులు కూర అలా వచ్చిందే.

ఇక్కడ ఆ సంగతి ఎవరికి తెలుసు? ఒక బంగ్లా కుర్రవాడు, "క్యా చాహియే, సాబ్? కిత్నా కిలో?" అన్నాడు, చేపలు కొనడానికి వచ్చాననుకుని. వద్దన్నాను. వద్దని కూడా కదల్లేదు. నా ఇస్త్రీ చొక్కా చూసి తనిఖీకి వచ్చానేమో అనుకున్నారు, ఒక్కసారిగా మాటలు ఆపేశారు.

అప్పుడు పడవలో చేపలు ఏరుతున్న పెద్దాయన తలెత్తి నవ్వాడు.

"మన ఒడ్డునోరే. తాడట్టీసి పక్కకెల్లి అలగ నిలబడ్డారంటే మనోరు కాక ఇంకెవరు? ఏ ఊరు బాబూ?"

చెప్పాను. ఆయనది శ్రీకాకుళం వైపు. ఎన్నాళ్ళయిందో, ఎవరైనా నన్ను చూసిన వెంటనే ఫలానా అని గుర్తుపట్టి. ఏదో ఒకటి మాట్లాడాలని సముద్రపు ఆవుల గురించి అడిగాను.

"ఉన్నాయి బాబూ. ఇప్పుడు ముట్టుకుంటే జైలే. ఎనకటికి ఇక్కడోళ్ళు ఏటాడీవోరంట, మా పడవ ముసలి సేటు సెప్తాడు. దూడని అట్టుకుంటే సాలంట. తల్లి ఎక్కడికీ పోదంట, పడవ ఎనకాలే వచ్చీసీదంట."

ఆ తల్లి మీద జాలి పడాల్సింది. నాకు మాత్రం, ఎక్కడో గడ్డి మేస్తూ మిగిలిపోయిన మగదాని ఊసు ఎవరూ ఎత్తరేమని కోపం వచ్చింది.

పెద్దాయన సంచి విప్పి, "ఇంటికాడ ఎంతమంది బాబూ?" అన్నాడు.

"ముగ్గురం," అన్నాను.

నోరు దానంతటదే అనేసింది. ఆయన వెతికి మూడు మంచి షేరీ చేపలు వేశాడు. "పిల్లలా?" అన్నాడు. పాప అన్నాను. "సంటిదైతే ముల్లు జాగర్త. మీరే తీసెట్టండి," అన్నాడు. సరేనన్నాను. దానికి పదహారేళ్ళని కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి మూడూ కడిగి పులుసు పెట్టాను. నా భార్య వదిలి వెళ్ళిన గిన్నె ముగ్గురికి సరిపోయేదే. ఒక చేప తిన్నాను. ఫోన్‌లో చెబితే ఆమె నవ్వింది. "మీ ఒక్కరికీ మూడెందుకండీ?" అంది. తను మామూలుగానే అంది. నేను గిన్నె మీద మూత పెట్టాను.

ఆదివారం ఫారం ఇచ్చేశాను. గడిలో ఒకటి వేశాను. మధ్యాహ్నం డబ్బాలో పెట్టుకొచ్చిన మూడో చేప తిన్నాను.

అల్ రువైస్‌కి మళ్ళీ వెళ్ళలేదు. ఆ పెద్దాయన నన్ను గుర్తుపడతాడు. పాపకి ముల్లు తీసి పెట్టారా అని అడుగుతాడు.