పెద్దమ్మ కూర్చోని బండి

మా వర్క్‌షాపులో చక్రాల కుర్చీలు తయారుచేస్తాం. మాకవి బండ్లు. వెల్డింగ్ నాది. పని చేస్తూ నేను తీసుకునే వీడియోలు వేలమంది చూస్తారు. బాగా పనిచేసినవాళ్లవి నెలకొకరి చొప్పున గోడకెక్కే ఫోటోల్లో ఎనిమిది నావే. అందరూ నన్ను హీరో అంటారు. ఆ పిలుపు నాకు బాగానే ఒంటబట్టింది.

అలా పిలవనిది మా పెద్దమ్మ ఒక్కతే. ఆఖరి తనిఖీ ఆవిడది. తయారైన ప్రతి బండిలోనూ తనే కూర్చుంటుంది. కళ్లు మూసుకుని, "ప్రభువా, దీంట్లో కూర్చునేవాళ్లు నీ బిడ్డలు" అంటుంది. తర్వాత గుమ్మం ముందున్న వాలు మీదికి వెళ్లి, బ్రేకు వేసి, చేతులు వదిలేస్తుంది. బండి కదలకపోతేనే చీటీ మీద సంతకం. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఫోటో మాత్రం ఒక్కసారీ గోడకెక్కలేదు. "కూర్చున్నందుకు కూడా ఫోటోనా?" అని నేనే వెక్కిరించేవాణ్ణి. నా నోటికి హద్దూ అదుపూ లేదు.

పోయిన నెల ఎట్టకేలకు ఆవిడ వంతు వచ్చింది. రిటైరైన ఒక టీచరమ్మకు బండి అందిస్తుండగా ఫోటో తీయాలన్నాడు యజమాని. పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకొచ్చి మూడుసార్లు అద్దం చూసుకుంది. పెదనాన్న గడ్డం గీసుకుని మరీ వచ్చాడు.

ఫోటో తీసే ఆయన కెమెరా ఎత్తగానే పెద్దమ్మ ముఖం పాలిపోయింది.

"ఆగండి బాబూ. ఈ బండిలో నేను కూర్చోలేదు."

"సంతకం ఉందిగా," అన్నాడు యజమాని.

"పొద్దున చీర నలుగుతుందని కూర్చోకుండానే పెట్టేశాను. అది అబద్ధపు సంతకం."

నేను చెవిలో గొణిగాను. "వెల్డింగ్ నాది పెద్దమ్మా, ఏం కాదు. ఊరుకో, ఫోటో పోతుంది."

"పోతే పోనీరా. ఆవిడ పడిందంటే నేనింక ఏ ముఖం పెట్టుకుని ప్రార్థన చేసుకోను?"

కూర్చుంది. కళ్లు మూసుకుంది. వాలు మీద బ్రేకు వేసి చేతులు వదిలింది. బండి ఆగలేదు. అడ్డం వెళ్లిన నన్ను కూడా కలుపుకుని అట్టపెట్టెల గుట్టలోకి దూసుకెళ్లింది. ఇద్దరం బోర్లా పడ్డాం. పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు, పెద్దమ్మ కూడా నవ్వేసింది.

నాకు నవ్వు రాలేదు. బ్రేకు కడ్డీ చక్రానికి తగలకుండా పక్కకు అతుక్కుని ఉంది. అది అతికేటప్పుడు నా చూపు ఫోన్ మీద ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మ అంత చెప్పాక దాచడానికి నాకు మనసు రాలేదు. "తప్పు నాది," అన్నాను, అందరూ వినేలా.

కెమెరా ఆయన వేరే పనుందని వెళ్లిపోయాడు. నేను కడ్డీ మళ్లీ అతికాను. నలిగిన చీరతోనే పెద్దమ్మ మళ్లీ కూర్చుంది, ఈసారి బండి కదల్లేదు. టీచరమ్మ అందులోకి మారి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేను పడాల్సింది మీరు పడ్డారమ్మా," అంది. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

గోడ మీద ఆ నెల చోటు ఖాళీగానే ఉంది. నా ఎనిమిదీ నేనేమీ దింపలేదు, అంత మంచివాణ్ణి కాను. కానీ వెల్డింగ్ మొదలుపెట్టే ముందు నా ఫోన్ తీసుకెళ్లి పెద్దమ్మ సంచిలో వేస్తున్నాను. ఇమ్మని ఆవిడ అడగలేదు.